బ్యాటరీకి ఒక గంట

అక్కా,

బావగారు ఇప్పించిన పాత కారు బ్యాటరీ మళ్ళీ చచ్చిందని మొన్న ఫోన్లో ఆయన మీద విసుక్కున్నాను. తప్పు బావగారిది కాదని చెప్పడానికే ఈ ఉత్తరం.

మెకానిక్ వచ్చి మీటరు పెట్టి చూశాడు. బ్యాటరీ పాతదే గాని బాగానే ఉందట. "కారు బయటికి తీస్తున్నారా అమ్మా?" అని అడిగాడు. తీయడం లేదు, స్టార్టవుతుందో లేదో చూస్తున్నానన్నాను. మీ మరిదికి ఎప్పుడు ఊపిరాడకపోతుందో తెలియదు కదా. ఆ వేళకు కారు మొరాయిస్తే ఎలాగని పొద్దున లేవగానే ఒకసారి, వంటయ్యాక ఒకసారి, ఆయనకు మందులు వేసి పడుకోబెట్టాక మరోసారి తాళం తిప్పుతాను. స్టార్టవగానే ఆపేసి లోపలికి పరిగెత్తుతాను.

అతను తల పట్టుకున్నాడు. "స్టార్ట్ చేసిన ప్రతిసారీ దాన్ని పీల్చేస్తున్నారమ్మా. పోయింది మళ్ళీ నిండాలంటే కారు తిరగాలి. వారానికోసారైనా గంటసేపు అలా తిప్పుకుని రండి" అన్నాడు.

ఆదివారాలు నువ్వొచ్చి మీ మరిది దగ్గర ఓ గంట కూర్చోగలవా? నేనెక్కడికి వెళ్తానని మాత్రం అడగకు, నాకే తెలియదు. ఊరికే తిరిగొస్తాను.

బ్యాటరీ కోసమేలే.

నీ చెల్లి