ఇన్నూరు

పెనుకొండ,
బుధవారం.

సొంత అన్నలాంటి జయరామన్నకు,

ఫోన్ చేసి చేసి విసిగిపోయాను. ఎత్తవు. అందుకే ఈ ఉత్తరం రాసి, టాక్సీ స్టాండు దగ్గర టీ అమ్మే కుళ్ళాయమ్మ చేతికి ఇస్తున్నాను. చదువుతావో, చదవకుండా చించేస్తావో, నీ ఇష్టం.

నిన్న డయాలసిస్‌కు నువ్వు టాక్సీ తీసుకుని రాకపోతే అమ్మను బస్సులోనే హిందూపురం తీసుకెళ్లాను. తిరిగొచ్చేటప్పుడు బస్టాండులో కళ్ళు తిరిగి నా మీద పడిపోయింది. అప్పటినుంచి ఒకటే మాట. "ఇంగ నేను యాడికీ రాను పర్వీనా. ఆ సూదులు నాకొద్దు." శుక్రవారం పోకపోతే ఏమవుతుందో డాక్టరు చెప్పాడు. అది నేను రాయలేను.

మేమేం తప్పు చేశామన్నా? డీజిల్ రేటు పెరిగిందని పోయిన నెల నువ్వు కన్నడంలో అడిగావు. నాకొచ్చిన అరకొర కన్నడంతో అర్థం చేసుకుని, పద్నాలుగు నూర్లకు ఇంకో నూరు కలిపి ప్రతిసారీ ఇచ్చాను. ఒక్కనాడైనా తగ్గించమన్నానా? అమ్మ నీ బండిలో వాంతి చేసుకుందనేనా ఈ కోపం? అదే అనుకుని ఆమె కుమిలిపోతోంది. నాకు మాత్రం ఒళ్ళు మండుతోంది. ఆ మాటేదో మొహానే చెప్పి మానేయాల్సింది.

పర్వీన్

*

ధర్మవరం,
గురువారం.

చెల్లెలు పర్వీన్‌కు,

కుళ్ళాయమ్మ నీ ఉత్తరం బస్సులో పంపించి, ఫోన్ చేసి నన్ను నాలుగు తిట్టింది కూడా. వాంతి సంగతి నాకు గుర్తే లేదు తల్లీ. మాయమ్మ చేసుకుంటే కడగనా?

నేనడిగింది "ఇన్నూరు జాస్తి" అని. కన్నడంలో ఇన్నూరంటే రెండు నూర్లు. నువ్వు "ఇన్ను నూరు" అని, అంటే ఇంకో నూరు అని విన్నట్టున్నావు. నీ ఉత్తరం చదివాకే నాకు వెలిగింది. ఇన్నాళ్ళూ తెలిసే తగ్గించి ఇస్తున్నావనుకున్నాను. మళ్ళీ అడగడానికి నోరు రాలేదు. వెనక సీట్లో మీయమ్మ ఉంటుంది కదా. బాడుగ పెరిగిందని వింటే ఇక రానంటుందనే అసలు కన్నడంలో చెప్పింది. బండి అప్పు కంతు కట్టలేక ఈడ పట్టుచీరల వాళ్ళ ట్రిప్పులు ఒప్పుకున్నాను. నీ ఫోన్ మోగితే సిగ్గేసి ఎత్తలేదు. ఇది కూడా కుళ్ళాయమ్మకే బస్సులో పంపుతున్నాను.

రేపు పొద్దున్నే మీ వాకిట్లో ఉంటాను. మీయమ్మకు ఇదేమీ చెప్పొద్దు.

జయరాముడు

*

పెనుకొండ,
శుక్రవారం.

జయరామన్నా,

బండిలో అమ్మ ముందు చెప్పలేక ఇది రాసి నీ చేతిలో పెడుతున్నాను. నువ్వు వద్దన్నా నీ ఉత్తరం రాత్రి ఆమెకు చదివి వినిపించాను. విన్నాక కొంగుతో కళ్ళు తుడుచుకుని, "ఆ పొద్దు ఇన్నూరనే అన్యాడు. నాకు ఇనపడింది" అంది.

అమ్మ చిన్నప్పుడు గౌరిబిదనూరులో మేనమామ ఇంట్లో పెరిగింది. ఆ కన్నడం ఎప్పుడో మరిచిపోయానని మాతో అనేది. నేను నూరే కలిపి ఇవ్వడం ప్రతిసారీ చూస్తూనే ఉందన్నా! "అప్పుడే ఎందుకు చెప్పలేదమ్మా?" అని అరిచాను.

"తక్కువిస్తా పోతే ఒగనాడు ఆ పిల్లోడే రాకుండా పోతాడు. బండి లేకుంటే నన్నెట్ల తీసుకపోతావు? నీకు నా బరువు దిగుతాదనుకుంటి" అంది.

ఆమెను పట్టుకుని ఏడ్చాను, తిట్టాను. నీ ఉత్తరం మళ్ళీ చదవమంది. "నేను రానంటానని వాడు దాచినాడా?" అని మళ్ళీ మళ్ళీ అడిగింది.

పొద్దున పిలవకుండానే లేచింది. బురఖా వేసుకుని గడప దగ్గర కూర్చుంది. పదహారు నూర్లూ తన చేతికే ఇమ్మని తీసుకుంది. ఇన్నాళ్ళ తక్కువ నేను విడిగా ఇస్తాను, కాదనొద్దు.

నీ చేతికి దుడ్లు ఇచ్చేటప్పుడు, మంగళవారం ఎన్నింటికి వస్తావని కన్నడంలో అడుగుతుందట. సరిగ్గా చెప్పన్నా.

నీ చెల్లెలు
పర్వీన్