పలకని అక్షరాలు

ఫిబ్రవరి 8, శనివారం

ఈయన హాస్పిటల్ నుంచి వచ్చి నేటికి పద్దెనిమిది రోజులు. చెయ్యి పనిచేస్తోంది, మాట స్పష్టంగా ఉంది. చిన్న స్ట్రోకే, అదృష్టవంతులు అన్నారు డాక్టరు గారు. పన్నెండేళ్లుగా స్టాఫ్ నర్సుని, నాకూ అలాగే అనిపించింది. నడిచేటప్పుడు కుడివైపు గుమ్మానికి భుజం తగులుతోంది, అంతే. మార్చి మూడున స్కూల్లో జాయినవ్వాలి. పదో తరగతికి సోషల్ ఈయనే చెప్పాలి.

ఒక్క మార్పు. పొద్దున్నే పేపర్ నా చేతికిచ్చి చదవమంటున్నారు. నా గొంతులో వింటే బాగుంటుందట. పెళ్లయిన పద్నాలుగేళ్లకి ఈ సరదా! సిగ్గేసింది. సంతోషంగానూ ఉంది.

ఫిబ్రవరి 12, బుధవారం, ఉదయం 6

ఇవాళ వీక్లీ ఆఫ్. గోదావరి గట్టు మీది పార్కుకి వెళ్దామన్నారు. అక్కణ్ణుంచి పాత లైబ్రరీకి కూడా అని నేనన్నాను. పెళ్లికి ముందు మేం కలుసుకున్నది అక్కడే. ఈయన కళ్లజోడు తుడుచుకుంటూ, సరే అన్నారు.

అదే రోజు, సాయంత్రం 7

పార్కులో రెండు గంటలు కూర్చున్నాం. నది మధ్యలో ఇసుక తేలింది. వంతెన మీద గూడ్సు వెళ్తుంటే పెట్టెలు లెక్కపెట్టారు. ఏ వంతెన ఏ సంవత్సరంలో కట్టారో తడుముకోకుండా చెప్పారు. ఇంత జ్ఞాపకం ఉన్న మనిషికి ఇంకేం భయం అనుకున్నాను. దారిలో రోజ్ మిల్క్ తాగాం. నా గ్లాసులోది కూడా సగం ఈయనే తాగారు.

లైబ్రరీ ఏమీ మారలేదు. పొడుగాటి ఊచలకి వేలాడే ఫ్యాన్లు, టేకు బీరువాలు, పాత కాగితం వాసన. లైబ్రేరియన్ మాణిక్యాంబ గారు ఈయన్ని చూసి కుర్చీలోంచి లేచి మరీ పలకరించారు. రిజిస్టర్‌లో పేరు, ఊరు, టైము రాశారు ఈయన. ఎప్పటిలాగే చక్కటి రాత. చరిత్ర పుస్తకం ఒకటి తెచ్చుకుని కిటికీ దగ్గర కూర్చున్నారు. నేను వారపత్రిక తిరగేస్తూ ఈయన్నే చూస్తున్నాను. పేజీలు తిప్పుతున్నారు. బొమ్మ ఉన్న పేజీకి ఎంతసేపో, కిక్కిరిసిన అచ్చు ఉన్న పేజీకీ అంతే సేపు.

మాణిక్యాంబ గారు అట్ట ఊడిన పుస్తకమొకటి తెచ్చారు. బైండింగ్‌కి పంపాలి, అచ్చు మరీ చిన్నది, పేరేంటో కాస్త చూసి చెప్పండి మాస్టారూ అన్నారు. ఈయన అందుకున్నారు. చాలాసేపు చూశారు. కళ్లజోడు మర్చిపోయానండి అన్నారు.

కళ్లజోడు ముక్కు మీదే ఉంది.

ఆవిడ నా వైపు చూశారు. పుస్తకం తీసుకుని నేనే పేరు చదివాను. నా గొంతు నాకే కొత్తగా వినిపించింది.

బయట మెట్ల మీద కూర్చోబెట్టి అడిగాను. తల వంచుకునే చెప్పారు.

“కనిపిస్తున్నాయి రూతూ. గుండ్రంగా, నల్లగా, అన్నీ కనిపిస్తున్నాయి. ఏంటో మాత్రం తెలీట్లేదు.”

ఎప్పట్నుంచి అంటే, హాస్పిటల్లో కళ్లు తెరిచిన దగ్గర్నుంచి అన్నారు. మరి రిజిస్టర్‌లో ఎలా రాశారండీ అన్నాను. చెయ్యి రాసేస్తోందట. రాశాక చూస్తే ఎవరో రాసినట్టుంటుందట.

“నాకెందుకు చెప్పలేదండీ?”

“నువ్వు నర్సువి కదా. ఏదన్నా ఉంటే నువ్వే కనిపెడతావనుకున్నాను. కనిపెట్టలేదు. పోన్లే, ఏమీ లేదేమో అనుకున్నాను.”

ఫిబ్రవరి 13

రోజూ బీపీ చూశాను, నా చెయ్యి గట్టిగా నొక్కమన్నాను, నవ్వమన్నాను, మాట్లాడించాను, ఒక్క మాట చదవమని మాత్రం అడగలేదు.

ఫిబ్రవరి 17, సోమవారం

న్యూరాలజిస్టు దగ్గరికి వెళ్లాం. చూసింది మెదడులో చదివే చోటికి చేరడం లేదట. దారి తెగిందట. రాయడానికి వేరే దారి ఉంది కాబట్టి అది మిగిలిందట. మందు లేదు. ప్రాక్టీసు చేయించమన్నారు. కొందరికి కొంత వస్తుందన్నారు. ఎన్నాళ్లకి సార్ అంటే రెండు చేతులూ విప్పి చూపించారు. పేషెంట్ల తాలూకు వాళ్లకి నేనూ రోజూ అలాగే చూపిస్తాను.

ఫిబ్రవరి 21

సెలవు పొడిగించమని అర్జీ ఈయనే స్వయంగా రాశారు. తప్పులున్నాయేమో చూడమని నాకిచ్చారు. ఒక్కటి కూడా లేదు.

స్కూలుకి నేనొక్కదాన్నే వెళ్లాను. హెడ్మాస్టరు బంగార్రాజు గారు కాగితాన్ని అటూ ఇటూ తిప్పి చూశారు. “అక్షరాలు ముత్యాల్లా ఉన్నాయి కదమ్మా. ఈయనకి చదవడం రాదంటే పై ఆఫీసులో ఎవరు నమ్ముతారు?” అన్నారు. వెటకారం కాదు, పాపం నిజంగానే అడిగారు. డాక్టరు సర్టిఫికెట్ చూపించాను. అందులో ఉన్న ఇంగ్లీషు మాట ఆయనకీ తెలీదు. వివరించబోయి మధ్యలో ఆగిపోయాను. నాకే పూర్తిగా నమ్మకం కుదరనిది ఇంకొకరికి ఎలా చెప్పను?

ఫిబ్రవరి 24

అక్షరమాల పుస్తకం కొన్నాను. ఎవరికని షాపతను అడిగితే మేనకోడలికి అన్నాను.

‘క’ చూపించాను. వేలితో దాని మీద గీసుకుని, క అన్నారు. అరగంటలో నాలుగక్షరాలు. అయిదోదాని దగ్గర వేలు ఆగిపోయింది. పుస్తకం మూసేసి, పదో తరగతి పరీక్షల టైం టేబుల్ వచ్చిందా అని అడిగారు. తెలీదన్నాను. వంటింట్లోకి పోయి కుళాయి తిప్పుకుని నిలబడ్డాను.

మార్చి 3

కాగితం మీద నా పేరు రాసి చూపించాను. వేలు పెట్టొద్దన్నాను.

చాలాసేపు చూశారు. చిన్న మాట, రెండే అక్షరాలు, అన్నారు. అవేంటో మాత్రం తెలీట్లేదట.