సందులోకి తిరిగిన సారా కొట్టు గుమ్మం

పందిళ్ళమెట్ట గ్రామం,
రెంటచింతల మండలం.
తేది: 7-3-1988.

ఆబ్కారీ అధికారి గారి సముఖమునకు,
పై గ్రామం వెనక సందు కాపురస్థుడు, తాపీ మేస్త్రీ గంటెల మస్తానయ్య వ్రాసుకొన్న అర్జీ.

అయ్యా,

విషయం: మా గ్రామ సారా దుకాణం యొక్క గుమ్మమును నివాస గృహముల ఎదుట నుండి తొలగించి, మునుపున్న చోటికే మార్పించుట గురించి.

సూచిక: (1) 16-11-1987 నాటి నా మొదటి అర్జీ. జవాబు రాలేదు. (2) 11-1-1988 నాటి నా రెండవ అర్జీ. జవాబు వచ్చింది గానీ అందులో ఏమీ లేదు.

తమ సముఖమునకు విన్నవించుకొనునది ఏమనగా:

1. మా ఊరి సారా దుకాణమును ఈ ఏడాదికి కోటయ్య అనువారు వేలంలో పాట పాడి దక్కించుకొనియున్నారు. దుకాణం పెట్టిన నాపరాళ్ళ ఇల్లు పెద్ద వీధిలో ఉన్నది. దాని గుమ్మం మొదట పెద్ద వీధిలోకే ఉండేది. ఆ గుమ్మం నుండి మా ఊరి బడి గేటుకు ముప్పై ఎనిమిది మీటర్లు. బడికి వంద మీటర్ల లోపు సారా దుకాణం ఉండరాదని తమ నిబంధన. కావున ఆ ఇంటికి లైసెన్సు రాకూడదు. వచ్చింది. ఎలా వచ్చిందో తమకు కాగితాల మీద తెలుసు, నాకు చేతుల మీద తెలుసు.

2. పోయిన సెప్టెంబరులో కోటయ్య నన్ను పిలిచి, "మస్తానన్నా, ముందు గుమ్మం మూసి వెనక సందులోకి గుమ్మం కొట్టాల. ఎరువుల గోదాం పెడతన్నా, బస్తాల బండి సందులోకి వస్తది" అన్నారు. మేస్త్రీ అన్నవాడు గుమ్మం ఎంత ఎత్తు, ఎంత వెడల్పు అని అడుగుతాడు గానీ, ఎందుకని అడగడు. మా నాన్న అడగలేదు, నేనూ అడగలేదు. ముందు గుమ్మం నేనే మూశాను. వెనక గోడలో ఎక్కడ కొట్టమంటారంటే, "నీ ఇష్టం, గోడ దెబ్బ తినకుండా చూడు" అన్నారు. నాపరాళ్ళ గోడలో గుమ్మం ఎక్కడ పడితే అక్కడ కొట్టరాదు. పాత అతుకు ఉన్న చోటు వెదికి అక్కడ విప్పాలి, అప్పుడే పై వరుస దిగదు. గోడంతా సుత్తితో తట్టి చూసి, ఆ అతుకు కనిపెట్టి, మూడు రోజుల్లో చక్కగా విప్పాను. అది సరిగ్గా మా ఇంటి గుమ్మానికి ఎదురుగా వచ్చింది. మా సందు వెడల్పు పధ్నాలుగు అడుగులు. పని బాగా కుదిరిందని ఆ రోజు నేను సంతోషపడ్డాను కూడా.

3. ఆపైన తమ శాఖ ఇన్‌స్పెక్టరు గారు కొలతకు విచ్చేసినారు. దూరమును గాలిలో కొలవరాదని, మనిషి నడిచే దారి వెంట, గుమ్మం నుండి గుమ్మానికి కొలవవలెనని నిబంధన చదివి వినిపించినారు. టేపు రెండో కొస పట్టుకోవడానికి ఒక మనిషి కావలసి వచ్చింది. నేను అక్కడే ఉన్నాను. టేపు ఎక్కడ వదులవుతుందో, మలుపులో ఎలా పట్టాలో నాకు తెలుసు గనుక నేనే పట్టుకున్నాను. వెనక గుమ్మం నుండి సందు చివరి దాకా, అక్కడి నుండి మలుపు తిరిగి పెద్ద వీధి వెంట బడి గేటు దాకా నూట పదిహేడు మీటర్లు వచ్చింది. ఇల్లు అదే, బడి అదే, మధ్యలో గోడ కూడా అదే. "శభాష్ మేస్త్రీ, ఒక్క అంగుళం తేడా రాలేదు" అని ఇన్‌స్పెక్టరు గారు నా భుజం తట్టినారు. ఎరువుల గోదాంకు ఈ కొలత ఎందుకని అప్పుడైనా నాకు తట్టలేదు. పంచనామా కింద సాక్షిగా సంతకం చేశాను. నాకు సంతకం వచ్చునని చూపించుకోవాలన్న తాపత్రయం ఒకటి ఉంది, అదీ దాచను.

4. నా రెండవ అర్జీకి తమ కార్యాలయం వారు ఇచ్చిన జవాబులో, "అభ్యంతరము తెలుపుచున్న వ్యక్తియే కొలతకు సాక్షియై యున్నందున అభ్యంతరము నిలువదు, మరియు నివాస గృహములు నిషిద్ధ స్థలముల జాబితాలో లేవు" అని ఉన్నది. జాబితాలో బడి, గుడి, మసీదు, చర్చి, ఆసుపత్రి ఉన్నాయట. మా సందులో పదకొండు ఇళ్ళున్నాయి. అందులో ఇవేవీ లేవు, మనుషులున్నారు. ఈ జవాబు విని మా వీధి వారు తమ ప్రయత్నాలు తాము చేసినారు. నా పక్కింటి హలీమా కుట్టుమిషను మీద బతుకుతుంది. "నేను నలుగురు పిల్లల్ని కూర్చోబెట్టి ఓనమాలు చెప్తా, అది బడి కాదా?" అని తమ కార్యాలయానికి వచ్చి అడిగింది. ప్రభుత్వ గుర్తింపు కాగితం తెమ్మన్నారు. మూలింటి బసవమ్మ ఒక రాయికి పసుపు రాసి, బొట్టు పెట్టి తన అరుగు పక్కన నిలబెట్టింది. తమ గుమాస్తా గారు ఆ అమ్మవారు లైసెన్సు తేదీకి ముందే వెలసినట్లు ఆధారం చూపమన్నారు. అమ్మవారిని తేదీ అడిగే ధైర్యం మాకు లేక ఊరుకున్నాము.

5. సందులో ఉన్న ఒకే ఒక్క కుళాయి ఆ గుమ్మానికి పక్కన ఉన్నది. ఆడవాళ్ళు బిందె పెట్టి వంగితే వెనక నుంచి మాటలు పడుతున్నాయి. పొద్దుగూకే వేళ ఆడవాళ్ళు ఊరి బయటికి పోవలసిన దారి కూడా అదే. ఇంతకంటే వివరంగా తమకు రాయలేను. హలీమా ఇదివరకు వెలుతురు కోసం మిషను అరుగు మీద వేసుకొనేది. ఇప్పుడు లోపలికి జరుపుకొని, పట్టపగలు దీపం పెట్టుకొని కుడుతోంది. తాగినవాళ్ళు పడుకోవడానికి మా అరుగులు, వాంతి చేసుకోవడానికి మా కాలువ, కొట్టుకోవడానికి మా నాపరాయి ముక్కలు వాడుకుంటున్నారు. ఇవన్నీ నా మొదటి అర్జీలోనూ రాశాను. అసలు సంగతి మటుకు ఆ రెండు అర్జీల్లోనూ రాయలేదు. దానికి తరువాతి అంశము చూడగలరు.

6. పై సందులో ఒక కాపురస్థుడు కలడు. అతడు పద్దెనిమిది ఏళ్ళు తాగియున్నాడు. పోయిన ఏడాది శివరాత్రికి కోటప్పకొండ మెట్ల మీద ఒట్టు పెట్టుకొని మానినాడు. మానడం అంటే తమరు అనుకునేలా గాదు. అప్పట్లో సారా కొట్టు ఊరి చివర క్వారీ దారిలో ఉండేది. సదరు కాపురస్థుడు పని దిగాక ఆ దారిన రాకుండా, మైలున్నర చుట్టు తిరిగి, కాలువ గట్టు మీదుగా ఇల్లు చేరేవాడు. ఎండలో, వానలో, జ్వరం ఉన్న రోజున కూడా అలాగే వచ్చేవాడు. కొట్టు కంటబడకపోతే ఆ పూటకు గండం గడిచినట్టు. అంతే అతని మందు, అంతే అతని బలం.

ఆ కాపురస్థుడు నేనేనయ్యా. సదరు, సదరు అని ఎంతసేపని రాయను? నేను తాగిన రోజుల్లో ఒకనాడు మా ఆడమనిషి అలివేలమ్మ కుడి చెయ్యి విరిచాను. కట్టు కట్టించడానికి కూడా నేను నిలబడే స్థితిలో లేను. హలీమా తీసుకుపోయింది. ఎముక వంకరగా అతుక్కుంది. ఆ చెయ్యి తల దాకా లేవదు, తన జుట్టు తాను ముడి వేసుకోలేదు. నా వైపు వీపు పెట్టి కూర్చుంటే ఈ ఏడాదిగా నేనే ముడి వేస్తున్నాను. ఊరి చివర ఉన్న కొట్టును తప్పించుకోవడానికి నాకు కాలువ గట్టు ఉంది. ఎదురింట్లో ఉన్న కొట్టును తప్పించుకోవడానికి ఏ గట్టు మీదుగా పోవాలో తమ నిబంధనల్లో ఎక్కడైనా ఉంటే తెలుపగలరు.

7. అలివేలమ్మ మిరపకాయల తొడిమలు తీసే పనికి కల్లం దగ్గరికి పోయేది. అక్టోబరు నుంచి పోవడం మానేసింది. బుట్టలు ఇంటికే తెచ్చుకొని, గుమ్మానికి అడ్డంగా కాళ్ళు చాపుకొని, ఎడమ చేత్తో వలుస్తూ కూర్చుంటుంది. నేను ఇంట్లో ఉన్నంతసేపు లేవదు. "ఏందే, కాపలా కుక్క మాదిరి కూసున్నావ్? నేను పోతానని అంత భయమా?" అని ఒకరోజు అరిచాను. "నువ్వు పోవులే, నాకు తెలుసు. నీ కాళ్ళే నీ మాట ఇనవు" అంది. నాకు కోపం వచ్చింది. అది నిజం గనుకనే వచ్చింది. కోటయ్య ఊరుకోడు. కొట్టులో బల్ల మీద నుంచే పిలుస్తాడు, "ఏంది మస్తానన్నా, ఎదురెదురుగా ఉండి చుట్టపు చూపుగానైనా రావేంది? నువ్వు కొట్టిన గుమ్మమేగా!" అంటాడు. అతనికి నా మీద పగ లేదు. పాత గిరాకీ గదా, చానా ప్రేమగానే పిలుస్తాడు.

కావున తమరిని వేడుకొనునది ఏమనగా, దుకాణమును ఎత్తివేయమని నేను అడుగుట లేదు. ఎత్తివేస్తే సర్కారుకు ఎంత నష్టమో నాకు చెప్పనక్కర లేదు. గుమ్మం మటుకు మళ్ళీ పెద్ద వీధిలోకి తిప్పించండి. అలా తిప్పితే నిబంధన ప్రకారం లైసెన్సు ఉండదు గదా అంటారా, అది తమరే చూసుకోవాలి. పనికి మేస్త్రీని వెదకనవసరం లేదు. నేనే వచ్చి విప్పినది మూస్తాను, మూసినది విప్పుతాను. రాళ్ళు నావి, చెమట నాది. టేపు పట్టుకోమన్నా పట్టుకుంటాను. పంచనామా మీద మటుకు ఇక సంతకం చేయను.

టేపుకు అందని ఇంత సంగతిని కూడా తమరు ఒక కొలతగానే చిత్తగించవలెనని ప్రార్థన.

తమ విధేయుడు,
గంటెల మస్తానయ్య
(తాపీ మేస్త్రీ)

మరొక మాట. 9-3-1988.

పై అర్జీ మొదటి పేజీ మీద గుండ్రంగా ఒక మరక ఉన్నది. అది చూసి తమ గుమాస్తా గారు వేరే అర్థం తీసుకుంటారేమోనని ఇది రాస్తున్నాను.

సోమవారం సాయంత్రం రాయడం పూర్తి చేసి, పోస్టులో వేయడానికి బయలుదేరాను. అలివేలమ్మ వలిచిన బుట్టలు అప్పజెప్పడానికి కల్లం దగ్గరికి పోయింది. గుమ్మం ఖాళీగా ఉంది. నేను పోస్టాఫీసుకే బయలుదేరాను, తమరు నమ్మాలి. చూసుకుంటే కోటయ్య బల్ల ముందు నిలబడి ఉన్నాను. పధ్నాలుగు అడుగులు నేను నడిచినట్టు నాకు గుర్తు లేదు.

"ఏందన్నా ఆ కాగితాలు? మళ్ళా నా మీదేనా?" అని కోటయ్య నవ్వి, నా చేతిలోంచి తీసుకొని బల్ల మీద పెట్టాడు. వాటి మీదే నిండు గ్లాసు పెట్టాడు. "రాసీ రాసీ అలిసిపోయుంటావు. ముందు గొంతు తడుపుకో, పోస్టు రేపైనా పోతది" అన్నాడు. నేను గ్లాసు పట్టుకున్నాను. పెదవుల దాకా ఎత్తాను కూడా.

అప్పుడు వెనక నుంచి హలీమా అరిచింది, "మస్తానన్నా! అలివేలక్క వస్తా ఉంది, అన్నా!"

సందు మలుపులో ఎవరూ లేరు. హలీమా అబద్ధం చెప్పింది. గ్లాసు దించి, కాగితాలు లాక్కొని ఇంటికొచ్చి పడ్డాను. అప్పటికి దీపాలు పెట్టే వేళయింది. తాగలేదయ్యా. మరక వాసన వస్తుంది, నా నోరు వాసన రాదు. అర్జీ కొత్తగా రాసుకుందామంటే తెల్లకాగితాలు అమ్మే కొట్టుకు పోవాలన్నా అప్పటికి ఆ గుమ్మం ముందు నుంచే దారి. అందుకే ఇదే పంపుతున్నాను.

నిన్న పొద్దున్నే మా ఇంటి గుమ్మం మూసేశాను. పెరటి గోడలో అతుకు చూసి, కంపచెట్ల వైపు ఒక మనిషి దూరేంత దారి కొట్టాను. ఇప్పుడు మా ఇంటి నుంచి సారా కొట్టుకు పోవాలంటే కంపల్లోంచి కాలువ గట్టు ఎక్కి, సందు చివరికి చుట్టి రావాలి. అడుగులు లెక్కపెట్టుకొని చూశాను. మూడు వందల మీటర్లకు తక్కువ ఉండదు. గుమ్మం నుండి గుమ్మానికి, మనిషి నడిచే దారి వెంట, తమ నిబంధన ప్రకారమే. కాగితం మీద చూస్తే నాకు ఇక అభ్యంతరం ఉండనక్కర లేదు. తమ ఇన్‌స్పెక్టరు గారు వచ్చి కొలుచుకోవచ్చు.

అయితే అయ్యా, ఇంట్లో సిమెంటు లేక మా గుమ్మంలో రాళ్ళను ఉత్త మట్టితో పేర్చాను. ఇంకా ఆరలేదు. ఏ రాయి దగ్గర భుజం ఆనిస్తే అది మొత్తం పడుతుందో కట్టినవాడిని గనుక నాకు తెలుసు. ఆ సంగతి అలివేలమ్మకు నేను చెప్పలేదు, అయినా తెలిసినట్టుంది. నిన్నటి నుంచి సరిగ్గా ఆ రాయికే వీపు ఆనించి కూర్చుని మిరపకాయలు వలుస్తోంది.

తమరు తొందరగా రండి.

మస్తానయ్య