తెల్ల చుక్కల ఇంజిన్

తమ్ముడూ, నేను డ్యూటీకి వెళ్తున్నా. మెకానిక్ పదింటికి వస్తాడు, వ్యాన్ తాళం ఫ్రిజ్ మీద ఉంది. ఉన్న ఇంజిన్‌కే బలం పెంచే టర్బో బిగించడం వద్దని చెప్పు. పాత ఇంజిన్ దాన్ని తట్టుకోలేదట. ఉన్న డబ్బుతో ఒక్కటే చేయించగలం, సెకండ్ హ్యాండ్ ఇంజినే వేయించు.

నిన్న నేను టర్బో అని మొండికేసింది బండి స్పీడు కోసం కాదురా. నాన్న బిగించిన ప్రతి బోల్టు మీదా తెల్ల రంగు చుక్క పెట్టేవాడు కదా, ఇంజిన్ మారిస్తే అవన్నీ పాత ఇనప కొట్టుకి పోతాయని. "ఇనుముకి ఏడుస్తావేంటక్కా" అన్నావు. అటు తిరిగి నువ్వూ కళ్ళు తుడుచుకున్నావు, చూశాను.

పాలు కాచి పెట్టాను, తాగు.

ఇంకోటి. పాతది దించేముందు వ్యాన్ ఒక్కసారి వీధి చివరిదాకా తిప్పి తీసుకురా. నాన్న పోయి ఏడాదైనా, ఆ చప్పుడు వినగానే అమ్మ గేటు తీయడానికి లేస్తుంది. ఇవాళ కూడా తీయనీ.