సమవుజ్జీ

అమ్మకు నమస్కరించి రాసేది. ఇక్కడ నా ఒళ్ళు క్షేమమే. మనసు సంగతి చివర్లో రాస్తాను. నువ్వూ నాన్నా చెల్లీ కులాసాగా ఉన్నారనుకుంటాను.

"సొరంగాల పనిలో చేరావట, నెత్తిన టోపీ పెట్టుకుంటున్నావా?" అని అడిగావు. ఈ సొరంగానికి గునపం అక్కర్లేదమ్మా. పోస్టాఫీసులో ఉత్తరాలు వేరుచేసే నీకు చెప్పడం తేలిక. ఇంటర్నెట్‌లో పాత చిరునామాలు నిండుకున్నాయి, కొత్త రకం వచ్చాయి. మాకు లైను ఇచ్చే కంపెనీకి కొత్తవి చదవడం రాదు. అందుకని కొత్త చిరునామా ఉత్తరాన్ని పాత చిరునామా కవర్లో పెట్టి పంపుతాం. అవతల ఒకాయన ఆ కవరు చించి, లోపలిదాన్ని దాని దారిన పంపుతాడు. అదే సొరంగం. "ఉచితంగా ఎవడిస్తాడురా?" అన్నావు. ఆయనే ఇస్తాడు. రిటైరైన మెకానిక్కు, ఇంట్లో ఒక్క మెషీను, నేర్చుకునేవాళ్ళ కోసం నడుపుతాడు. ఇలాంటి మనుషులుంటారని కాలేజీలో పంచిన కరపత్రాల్లో చదివాను, ఇప్పుడు చూశాను.

"కోపం తగ్గిందా?" అన్నదానికి జవాబు: లేదు. మా మూడొందల నలభై ఇళ్ళ చిన్న నెట్‌వర్కు ఆఫీసుకీ, పక్కనున్న పెద్ద ఇంటర్నెట్ కంపెనీకీ మధ్య ఒక్క గోడ. అయినా మా వీధిలో ఎవరైనా, ఆ కంపెనీ లైనున్న పక్కవీధి ఆసుపత్రికి రిపోర్టు పంపితే అది సముద్రం దాటి చుట్టుతిరిగి చేరుతుంది. గోడకి కన్నం పెట్టి ఒక తీగ కలిపితే చాలు. దాన్ని పీరింగ్ అంటారు. మా ఓనరు, ఒకప్పటి లెక్కల మాస్టారు, రెండేళ్ళుగా అందుకోసం వాళ్ళ గుమ్మం ఎక్కి దిగుతున్నారు. నెల కిందట నన్నూ తీసుకెళ్ళారు. వాళ్ళ మేనేజరు కుర్చీలో వెనక్కి వాలి, "మాస్టారూ, వియ్యానికైనా కయ్యానికైనా సమవుజ్జీ ఉండాలి కదండీ" అన్నాడు.

"వియ్యం సంగతి వదిలెయ్యండి, కయ్యానికి నేను చాలు" అన్నాను.

మాస్టారు నా మోచెయ్యి పట్టుకుని బయటికి లాక్కొచ్చారు. "నోరు కాదురా నీది, లౌడ్‌స్పీకరు."

ఆ ఉక్రోషంలో చేసిన పని ఇప్పుడు చెబుతున్నాను. వాళ్ళ తీగ లేకుండానే మా ఇళ్ళకి కొత్త దారి ఉందని, వాళ్ళ దయ అక్కర్లేదని చూపిద్దామని, ఒక ఇంటికని అడిగి తీసుకున్న సొరంగంలోకి మూడొందల నలభై ఇళ్ళనీ తోసేశాను. మాస్టారికి చెప్పలేదు. ఒక్క మనిషి నడిపే పోస్టాఫీసులో మీ హాలు సంచులన్నీ కుమ్మరిస్తే ఏమవుతుందో నీకు తెలుసు. మూడో రోజుకి మెషీను కూలబడింది. దానిమీద నేర్చుకుంటున్న ఎవరెవరి దారులో మాతోపాటు మూసుకుపోయాయి. ఆయన తిట్టలేదు. "బాబూ, ముందే చెబితే ఇంకో దారి చూసేవాణ్ణి కదా" అని రాశాడు.

ఏమైందిరా అని మాస్టారు అడిగితే, "పెద్ద కంపెనీ వాళ్ళే మన గొంతు నొక్కారు" అనేశాను. ఇవాళ పదకొండింటికి ఆయన ఆ మేనేజరుని నిలదీయడానికి వెళ్తున్నారు. పక్కగదిలో ఇస్త్రీ చొక్కా వేసుకుని, ఫిర్యాదు కాగితం నాలుగోసారి చదువుకుంటున్నారు. నా అబద్ధం అక్కడ ఆయన నోటివెంట వచ్చిందంటే, ఆ గోడకి ఇక కన్నం పడదు.

చిన్నవాళ్ళమని మమ్మల్ని లెక్కచేయలేదని మండిపడ్డాను. నాకంటే చిన్న మెషీను దొరకగానే నేనూ లెక్కచేయలేదు. ఇది ఏ కరపత్రంలోనూ లేదమ్మా.

నిజం చెబుదామని మూడుసార్లు లేచి, మళ్ళీ కూర్చున్నాను. చెప్పుల చప్పుడు వినిపిస్తోంది. "లౌడ్‌స్పీకరూ, తలుపు వేసుకో, వెళ్ళొస్తా" అంటున్నారు. ఉత్తరం ఇక్కడ ఆపి గుమ్మానికి అడ్డంగా నిలబడతాను. ఈసారి మెల్లగానే మాట్లాడతాను.

ఇట్లు,
నీ నోటిదురుసు కొడుకు