చీపురు పాటకు వారసులు

నవంబరు పద్నాలుగు, ఆదివారం. ఈ రోజు మొదటి ఆశ్చర్యం ఉదయం ఆరాధనలో ఎదురైంది. కొత్త పాట మొదలవగానే ఎవరో నా రాగాన్ని ఎత్తుకుపోయారనుకున్నాను. తల ఎత్తి తెర మీద మాటలు చదివాక తెలిసింది, రాగం ఒక్కటే కాదు, పాట మొత్తం నాదేనని. ఎనిమిది పంక్తుల్లో నేను రాసిన మాట ఒక్కటే మిగిలింది. ఆ మాట ‘నన్ను’.

కాబట్టి, దర్జీ పని చేసే అమ్మకు ఒక్కగానొక్క కూతురిని, కాలేజీలో రెండో సంవత్సరం చదువుతున్నదాన్ని, పదకొండో ఏట నుంచి ఈ సంఘపు గాయక బృందంలో పాడుతూ సన్నగొంతు అనే పేరు తెచ్చుకున్నదాన్ని అయిన నేను, పూర్తి తెలివితో, ఎవరి బలవంతమూ లేకుండా ఈ వీలునామా రాస్తున్నాను. నా బుద్ధి స్థిరంగానే ఉంది. స్థిరంగా లేనిది గొంతు. అందులో గోధుమ గింజంత బుడిపె లేచింది. రేపు ఉదయం ఏడున్నరకు దాన్ని కోసి తీస్తారు. పాత గొంతు తిరిగి వస్తుందా అని పలక మీద రాసి అడిగితే డాక్టరుగారు, “గొంతయితే వస్తుందమ్మా, అదే గొంతు అని మాత్రం మాటివ్వలేను” అన్నారు. పది రోజులుగా నోరు విప్పవద్దని ఆయన ఆజ్ఞ. ఆపరేషన్ తర్వాత ఇంకో రెండు వారాలు. నోరు మంచిదైతే ఊరు మంచిదంటారు. నా నోరు మూతపడ్డాకే ఊరి సంగతి నాకు బాగా తెలిసింది.

నా పాత గొంతు తిరిగి రాకపోతే ఈ కింది అంశాలన్నీ అమల్లోకి రావాలి. వస్తే నా వస్తువులు నాకే ఉంటాయి. ఆరో అంశం మాత్రం గొంతు వచ్చినా రాకపోయినా చెల్లుతుంది. దీన్ని అమలు జరిపే బాధ్యత మా అమ్మది. ఆవిడ ఒప్పుకోలేదు, కానీ కాదనలేదు కూడా.

1. హార్మోనియం సంఘానిది, దాని మీద నాకు హక్కు లేదు. దాని గుట్టు మాత్రం నాది. తేమ రోజుల్లో నల్ల మెట్టు ఒకటి లోపలికి పోయి పైకి రాదు. జడపిన్నుతో పక్క నుంచి లేపాలి. ఆ జడపిన్నును, గుట్టుతో సహా, మా బావకు దఖలు పరుస్తున్నాను. బావ ఇప్పుడు కీబోర్డు వాయిస్తాడు. నిజానికి వాయించడు, నలభై ఏడో నంబరు మీట నొక్కుతాడు, మిగతాది అదే చూసుకుంటుంది. స్తుతి పాటకూ నలభై ఏడే, పశ్చాత్తాపం పాటకూ నలభై ఏడే. పాపం ఒప్పుకోవడానికి వచ్చినవాళ్ళు ఏడవాలో గంతులేయాలో తెలియక మధ్యేమార్గంగా చప్పట్లు కొడతారు. “వేరే నంబర్లు కూడా ఉన్నాయి కదా బావా” అని ఒకసారి అన్నాను. “ఉన్నాయి, కానీ వాటికి వేళ్ళు కూడా కావాలి” అన్నాడు. ఆ నిజాయితీకి మెచ్చి జడపిన్ను ఇస్తున్నాను. కరెంటు పోయిన ఆదివారం అతనికి పనికొస్తుంది.

2. వేదిక వెనక వేలాడే గుడ్డ మీద నేను నలభై రోజులు కష్టపడి గీసిన కాపరీ గొర్రెల బొమ్మను ఆదివారం బడి పిల్లలకు రాస్తున్నాను. కాపరి తప్పిపోయిన గొర్రెను భుజాన వేసుకుని వస్తుంటాడు, దూరాన మంద ఉంటుంది. బొమ్మ చూడగానే పెద్దలు మంద లెక్కపెట్టారు. తొంభై తొమ్మిది ఉండాలి, తొంభై ఏడే ఉన్నాయన్నారు. ఆ రెండూ కొండ వెనక ఉన్నాయని చెప్పినా వినక నా చేత గీయించారు. పాటలు దిద్దే ఎర్రసిరా మాస్టారు అవి కుక్కల్లా ఉన్నాయన్నారు. వాక్యానుసారంగా లెక్క సరిపోయిందని అందరూ తృప్తిపడ్డాక, దాని మీద పాస్టరుగారి నిలువెత్తు ఫోటో ఉన్న బ్యానరు కట్టారు. ఇప్పుడు బొమ్మలో కనిపించేవి ఎడమ పక్కన నాలుగు కాళ్ళు. అవి గొర్రెవా కుక్కవా అన్న చర్చ నేటికీ సాగుతోంది. పిల్లలు ఏనాడూ ఆ ప్రశ్న అడగలేదు. అందుకే వాళ్ళకు.

3. నా తెల్ల అంగీ అమ్మకు. అది అమ్మ కుట్టిందే. ఏటా నేను పొడుగైనప్పుడల్లా అంచు విప్పి కిందికి దించేది. దాని అంచున తొమ్మిది మడతల గీతలున్నాయి. అమ్మ దాన్ని దిండు గలీబులు చేసినా, మిషన్ మీద కప్పినా నాకు సమ్మతమే. “పాటలు రాసి ఏం బావుకుంటావే” అని అమ్మ చాలాసార్లు అడిగింది. జవాబు ఇక్కడ రాస్తున్నాను. తాళం అంటే ఏమిటో నాకు ఏ గురువూ నేర్పలేదమ్మా. నీ కుట్టుమిషన్ కింద పడుకుని, నీ కాలు తొక్కే చప్పుడు వింటూ నేర్చుకున్నాను.

4. అట్ట చిరిగిన నా నిఘంటువును ఎర్రసిరా మాస్టారికి సర్వహక్కులతో ఇస్తున్నాను. ఆయన రిటైరైన హెడ్మాస్టరు, మా సంఘపు పాటల కమిటీకి కార్యదర్శి, అధ్యక్షుడు, సభ్యుడు కూడా ఆయనే. ఊళ్ళో సగం మందికి ఎక్కాలు నేర్పారు కనుక ఆయన తప్పంటే ఎవరికైనా తప్పే. ఆయన దృష్టిలో దేవుడికి వాడుక మాటలు అర్థం కావు.

నేను రాసిన పాట ఇది. ఇల్లంతా ఊడ్చి పోయిన నాణెం వెతుక్కున్న ఆడమనిషి కథ ప్రభువు చెప్పాడు కదా. తనను తానే ఆ ఆడమనిషితో పోల్చుకున్నాడు. నేను కొత్తగా కల్పించింది లేదు.

చీపురు పట్టి వచ్చావయ్యా,
మూలమూలా ఊడ్చావయ్యా,
మంచం కింద దుమ్ములో నన్ను
వంగి వంగి వెతికావయ్యా.

నాలుగు నెలలు మాస్టారి బల్ల సొరుగులో ఉండి, ఈ ఉదయం తెర మీదికి వచ్చింది ఇది.

రాజదండము ధరియించితివి,
దిక్కుదిక్కులను శోధించితివి,
సింహాసనపు ఛాయలో నన్ను
కృపతోడను గ్రహియించితివి.

కింద ‘సవరణ: పాటల కమిటీ’ అని ఉంది. రెండో చరణానికీ ఇదే శాస్తి. రాజదండం పట్టుకున్న రాజుకు తన సింహాసనం కిందే వెతుక్కోవలసిన అగత్యం ఎందుకొచ్చిందో కమిటీ చెప్పలేదు. “దేవుడి చేతిలో చీపురేమిటమ్మాయ్, అసహ్యంగా” అని మాత్రం ఆరాధన తర్వాత మాస్టారు నాతో అన్నారు. నిఘంటువులో చీపురుకు ‘సమ్మార్జని’ అనే మాట ఉంది, నూట తొంభయ్యో పుట మూల మడత పెట్టాను, చూసుకోగలరు. అది రాసి ఉంటే పాట గట్టెక్కేదేమో. దేవుడు చీపురు పట్టకూడదు గాని సమ్మార్జని పట్టవచ్చు. నిఘంటువుతో పాటు నా ఎర్ర పెన్నులు రెండు కూడా ఆయనకే. ఒకటి ఆయన సొంత మాటల మీద వాడాలని షరతు.

5. సన్నగొంతు అనే బిరుదును బృందంలోకి కొత్తగా వచ్చే ఆడపిల్లకు ఇస్తున్నాను. దాంతో పాటు కిటికీ పక్కన నా చోటు కూడా. అక్కడ నిలబడితే పై స్థాయి స్వరం గోడకు తగిలి మనకే తిరిగి వినిపిస్తుంది. తప్పు పాడితే లోకంకన్నా ముందు మనకే తెలుస్తుంది. ఆ చోటు కమిటీకి ఇద్దామనుకున్నాను, కానీ అది పాడదు.

6. ఇది అసలు అంశం. చదివేవారు ఇక్కడ తొందరపడకూడదు.

మా సంఘంలో కొత్త పాటకు రెండు ఆదివారాల పరీక్ష. పాడటం అయ్యాక పాస్టరుగారు “ఎవరికైనా అభ్యంతరం ఉందా” అని మూడుసార్లు అడుగుతారు. సభ్యులెవరైనా ‘ఉంది’ అంటే పాట రాసినవారి దగ్గరికి తిరిగి వెళ్తుంది. రెండు ఆదివారాలూ ఎవరూ అనకపోతే, ఉన్నది ఉన్నట్టు పాటల పుస్తకంలోకి ఎక్కుతుంది, ఇక మార్చేందుకు వీల్లేదు. వెనకటికి ఎవరో పాటల మీద ఆకాశరామన్న ఉత్తరాలు రాశారట. అందుకని అభ్యంతరం నోటితోనే చెప్పాలని నియమం పెట్టారు. నాకు తెలిసి ఇన్నేళ్ళలో ఒక్కరూ చెప్పలేదు.

ఈ ఉదయం నేను లేచి నిలబడ్డాను. పలక మీద ‘ఉంది’ అని పెద్ద అక్షరాలతో రాసి పైకెత్తాను. “కూర్చోవే, అందరూ చూస్తున్నారు” అని అమ్మ నా కొంగు పట్టుకుని లాగింది. అందరూ చూడాలనే కదా ఎత్తాను. పాస్టరుగారు చూశారు. ఆయన మంచివారు, చివరగా ఎవరు మాట్లాడితే వారి పక్షం ఉంటారు. చివరగా మాట్లాడింది మాస్టారు. “పలక చెల్లదండి. నోటితో చెప్పాలని నియమం” అన్నారు. ఆ నియమం రాసింది ఆయనే. నాకు నోరు లేదని ఆయనకు తెలుసు, నిన్న ఇంటికొచ్చి ఆరోగ్యం కోసం ప్రార్థన చేసి వెళ్ళారు కూడా. పాస్టరుగారు మరో రెండుసార్లు అడిగారు. నేను పలక పట్టుకుని నిలబడే ఉన్నాను. ‘అభ్యంతరం లేదు’ అని రికార్డులో రాశారు.

అయితే కమిటీవారు ఒక పొరపాటు చేశారు. మార్చిన మాటలను తెర మీద వేస్తే అందరూ అవే పాడతారనుకున్నారు. వెనక బల్ల సంగతి మరిచారు. వెనక బల్ల మీద కూర్చునేవాళ్ళు తెర చదవరు. కొందరికి చూపు ఆనదు, కొందరికి చదువు రాదు. వాళ్ళు పాడేది గుర్తున్న మాటలు. వాళ్ళకు ఈ పాట గుర్తుంది, ఎందుకంటే వాళ్ళకు నేర్పింది పెద్దమ్మ.

పెద్దమ్మ మా చుట్టం కాదు. ముప్పై ఏళ్ళుగా ఈ హాలు ఊడ్చే మనిషి. అందరికీ పెద్దమ్మే. ఒక శనివారం నేను హార్మోనియం తుడుస్తుంటే, “ఇన్ని పాటలున్నాయి కదా తల్లీ, నా పని ఉన్న పాట ఒక్కటీ లేదా” అని అడిగింది. వెక్కిరింతగా అంది. నాకు ఆ రాత్రి నిద్ర పట్టలేదు. పాట తాళం ఆమె ఊడ్పులోది, రెండు పొడుగు, ఒకటి పొట్టి. ప్రతి శనివారం ఆమె ఊడుస్తుంటే ఒక్కో పంక్తి చెప్పాను. ఆమె దాన్ని కుళాయి దగ్గర నలుగురికి నేర్పింది.

ఈ ఉదయం ముందు బల్లలు రాజదండము ధరియించగా, వెనక బల్ల చీపురు పట్టింది. ఊడ్పు తాళంలో పాడేవాళ్ళు నలభై ఏడో నంబరును అందుకోలేక సగం పంక్తి వెనకబడ్డారు. ముందువాళ్ళు సింహాసనం దగ్గరికి చేరేసరికి వెనకవాళ్ళు ఇంకా మంచం కింద ఉన్నారు. ముందువాళ్ళు ముగించి కూర్చున్నాక, హాల్లో పెద్దమ్మ గొంతు ఒక్కటే మిగిలింది, ‘వంగి వంగి వెతికావయ్యా’ అని. ఎవరో పిల్లాడు నవ్వాడు. పాస్టరుగారు నవ్వలేదు. తెర వైపు చూశారు, వెనక బల్ల వైపు చూశారు, అభ్యంతరం ఉందా అని మొదటిసారి అడిగారు.

ఈ సాయంత్రం పెద్దమ్మ మా ఇంటికి వచ్చింది. “వచ్చే వారం నేనంటాలే తల్లీ. ఒక్క మాటేగా” అంది. వెళ్ళబోతూ, “ముప్పై ఏళ్ళలో ఆ హాల్లో పాట తప్ప మాట అనలేదు. వస్తుందో రాదో” అంది.

అందుచేత నేను స్వయంగా రాసి, స్వరపరచిన చీపురు పాటను, రెండు చరణాలూ తాళంతో సహా, పెద్దమ్మకూ, ఆమె తర్వాత వెనక బల్లకూ శాశ్వతంగా రాసి ఇస్తున్నాను. వాళ్ళు దాన్ని పాడవచ్చు, మార్చవచ్చు, మరిచిపోవచ్చు. దానితో పాటు, ఈ ఉదయం పలక మీద రాసినందువల్ల చెల్లకుండా పోయిన నా అభ్యంతరాన్ని కూడా పెద్దమ్మకే దఖలు పరుస్తున్నాను. ఆమె సభ్యురాలు. ఆమెకు నోరు ఉంది. నియమానికి కావలసింది అంతే.

7. పలకను ఎవరికీ ఇవ్వడం లేదు. నాకింకా పని ఉంది.

ఇది నా మొదటి వీలునామా. తప్పులుంటే మాస్టారు దిద్దగలరు, కానీ దిద్దకూడదు.

పై తేదీన, మా ఇంట్లో, కుట్టుమిషన్ బల్ల మీద రాసి సంతకం చేశాను.

(సంతకం) సన్నగొంతు

వారసులు సాక్షి సంతకం చేయకూడదట. అందుకని ఇందులో ఏమీ దక్కనివారి చేత చేయించాను.

సాక్షి ఒకటి: కింది వాటాలో ఉండే మందుల షాపాయన. చదవకుండానే సంతకం చేశారు.

సాక్షి రెండు: గాయక బృందంలో చివరి వరసలో నిలబడి, పాడకుండా పెదవులు మాత్రం కదిపే మావయ్య. మొత్తం చదివి, “నా గురించేం రాయలేదు కదా” అని అడిగి సంతకం చేశాడు.

రేపటి పని: ఏడు గంటలకల్లా ఆస్పత్రిలో ఉండాలి. అయిదున్నరకు పెద్దమ్మ హాలు తలుపులు తీస్తుంది. నేను వెళ్ళి ముందు బల్ల మీద, మాస్టారు కూర్చునే చోట కూర్చుంటాను. పెద్దమ్మ వెనక బల్ల దగ్గర నిలబడి ‘ఉంది’ అంటుంది. అక్కడికి వినిపిస్తే పలక ఎత్తుతాను. వినిపించకపోతే ఎత్తను, మళ్ళీ అంటుంది. గంటకు పైగా టైముంది.