మాటల్లో నానబెట్టిన గాజు కేబుల్

అమీర్‌పేట,
సోమవారం.

అమీర్‌పేట చౌరస్తా మొదలు పంజాగుట్ట సిగ్నల్ వరకు నివసించు సమస్త వైర్లకు, ప్లగ్గులకు, హోల్డర్లకు, మాడిపోయిన ఫ్యూజులకు ఇందుమూలముగా తెలియజేయునది ఏమనగా: మా అక్క మంజూష గారి భర్త, నాకున్న ఒకే ఒక్క బావ, శ్రీ కేదార్ గారు తమ సంగీతపు డబ్బాలకు కేబుల్ ఎన్నుకొనుచున్నారు. ఎన్నిక ముగియువరకు ఎవ్వరూ స్పార్కు కొట్టరాదు.

బావా, దండం.

నిన్న నా ఎలక్ట్రికల్ షాపుకొచ్చి, "నీ నోటి మాటకు గ్యారంటీ లేదు, రాసియ్యి" అని విసవిసా వెళ్ళిపోయావు. ఇన్సూరెన్సు ఆఫీసు మనిషివి, కాగితం మీద లేనిది నీకు జరగనట్టే. సరే, మెట్రోలో ఒక్క స్టేషన్ దూరానికి స్టాంపు అంటించి రాస్తున్నాను.

నాకు అర్థమైనంత వరకు సంగతి ఇదీ. నీ దగ్గర సీడీ తిప్పే డబ్బా ఉంది. అది పాటను అంకెలుగా చదువుతుంది. రెండో డబ్బా ఆ అంకెలను మళ్ళీ పాట చేస్తుంది. మధ్యలో అంకెలు మోసే కూలీ పేరు డిజిటల్ కేబుల్. డబ్బాతో వచ్చిన నల్ల కేబుల్ ఉండగా నువ్వు రాగిది చూశావు, వెండిది చూశావు. వెండిది కొననందుకు సంతోషం, అక్క దాన్ని పట్టీలు చేయించుకునేది. చివరికి జర్మనీ గాజు కేబుల్ తెప్పించావు. దాని కొసన ఎర్ర దీపం వెలుగుతుందట.

ఇక అక్క తీర్పు: "కండ్లకు గంతలు కట్టుకొని నేనే ఇంట. నల్లదానికీ గాజుదానికీ తేడా ఇనవడితే నీ డబ్బాలు హాల్ల ఉంటయ్. లేకుంటే స్టోర్‌రూములకు, బియ్యం బస్తాల పక్కకు. హాల్ల దివాన్ ఏస్త." పరీక్షకు ఇంకా మూడు వారాలుంది.

ఫికర్ వద్దు. గాజు కేబుల్ కొత్త కోడలి లాంటిది, దానికి ఇంటి గొంతులు అలవాటు కావాలి. రోజూ సాయంత్రం కేబుల్ తగిలించి, పాట ఆపేసి, దాని దగ్గర కూర్చొని కాసేపు మాట్లాడు. మా వైర్ల లైన్లో దీన్ని మాటల్లో నానబెట్టడం అంటారు.

ఇట్లు,
పదో తరగతి గడప దాటని నీ బామ్మర్ది,
రాఘవేందర్.

తా.క.: ఈ సంగతి అక్కకు చెప్పకు. తెలిస్తే పరీక్ష చెల్లదు.

పంజాగుట్ట,
శుక్రవారం.

చి. రాఘవేందర్‌కు ఆశీస్సులు.

విషయం: గాజు కేబుల్‌ను మాటల్లో నానబెట్టుట, తదనంతర పరిణామములు.

నీ సూచన ప్రకారం సాయంత్రం కేబుల్ ముందు కూర్చొని మాట్లాడాను. ఏం మాట్లాడాలో నువ్వు రాయలేదు కాబట్టి నా పేరు, హోదా, సర్వీసు వివరాలు చెప్పుకున్నాను. మిగిలిన సెలవుల గురించి చెబుతుండగా అమ్మ చూసింది.

"ఓ మంజూషా, ఇటు రాయే. వీడు వైరుతోని సెలవడుగుతుండు," అంది.

మరునాడు అమ్మ బల్కంపేట ఎల్లమ్మ గుడికి పోయి పసుపు, కుంకుమ తెచ్చింది. నేను ఆఫీసులో ఉండగా కేబుల్ పీకి, ఎర్ర దీపం వెలిగే కొసకు పసుపు పూసి, కుంకుమ బొట్టు పెట్టి, మళ్ళీ తగిలించింది. ఇంట్లోకి ఏ కొత్త వస్తువు వచ్చినా అమ్మ చేసేదే ఇది. ఫ్రిజ్‌కు ఏమీ కాలేదు. కేబుల్ మాత్రం మూగబోయింది. రెండు రోజులుగా పాట లేదు. ఇది నీ పద్ధతి వైఫల్యమా, అమ్మవారి అభ్యంతరమా, లిఖితపూర్వకంగా తెలుపగలవు.

ఇట్లు,
కేదార్.

తా.క.: ఎర్ర దీపం దానంతటదే వెలిసిందని అమ్మ లిఫ్టులో చెప్పిందట. పక్క ఫ్లాటు వాళ్ళు కొబ్బరికాయతో వచ్చారు.

అమీర్‌పేట,
మంగళవారం.

సెలవుల పట్టిక కంఠస్థం వచ్చిన బావకు దండం.

నీ ఉత్తరం కౌంటర్ దగ్గర చదివి నవ్వుతుంటే, బల్బు కొనడానికి వచ్చినాయన బల్బు వదిలేసి పోయాడు. ఆ నష్టం నీ ఖాతాలోనే.

అమ్మవారికి నీతో ఏ పేచీ లేదు. గాజు కేబుల్‌లో పోయేది వెలుతురు. కొసకు పసుపు పూస్తే వెలుతురు ఎట్లా పోతుంది? కళ్ళద్దాలు తుడిచే బట్టతో మెల్లగా తుడువు. అత్తమ్మ బాధపడకుండా ఆ బొట్టు డబ్బా నెత్తిన పెట్టు.

రెండోది. నిన్ను మాట్లాడమన్నది కేబుల్ దగ్గర, కేబుల్‌తో కాదు. ఎదురుగా మనిషి ఉండాలి, బదులు చెప్పే గొంతు సుత ఉండాలి. ఒక్క గొంతుకే అయితే అది ఒకవైపే నానుతుంది. అత్తమ్మతో మాట్లాడితే భజనలు తప్ప ఏవీ మంచిగ పలకవు. కాబట్టి అక్కతో మాట్లాడు.

ఇట్లు,
రాఘవేందర్.

తా.క.: కొబ్బరి చిప్పలో నా వాటా ఏదీ?

పంజాగుట్ట,
శనివారం.

చి. రాఘవేందర్‌కు,

తుడిచాను, పాట వచ్చింది. అంతవరకు ధన్యవాదాలు. తక్కినదానికి నీ మీద ఫిర్యాదు ఉంది.

మొదటి సాయంత్రం మీ అక్కను హాల్లో కూర్చోబెట్టాను. "గ్యాస్ బుక్ చేసినవా?" అన్నాను. "చేసిన," అంది. ఆపైన ఇద్దరం ఫ్యాను చూశాము. రెండో సాయంత్రం, "పొద్దున ఏం తిన్నవ్?" అన్నాను. ఆమె లేచి వచ్చి నా నుదురు పట్టి చూసింది. మూడో సాయంత్రం దివాన్ సంగతి వచ్చి గొడవపడ్డాము. గొడవ లెక్కలోకి వస్తుందా? కేబుల్‌కు గరుకుతనం అంటుకుంటుందా? వెంటనే తెలుపు.

అంతకన్నా పెద్ద చిక్కు ఉంది. నాకేదో జబ్బు బయటపడిందని, డాక్టరు ఏదో చెప్పబట్టే ప్రేమగా మాట్లాడుతున్నానని మీ అక్క నమ్ముతోంది. అసలు కారణం చెబితే పరీక్ష చెల్లదాయె. "దాస్తున్నవ్. నాకు తెలుసు," అంటుంది. నేను నీళ్ళు నములుతుంటే ఆమె అనుమానం గట్టిపడుతోంది. అమ్మ అప్పుడే బోనం మొక్కుకుంది.

ఇట్లు,
ఏ రోగమూ లేని
కేదార్.

తా.క.: పప్పులో ఉప్పు మానేశారు. త్వరపడు.

అమీర్‌పేట,
బుధవారం.

పథ్యం తింటున్న బావకు దండం.

గొడవ దివ్యంగా లెక్కలోకి వస్తుంది. డోలు, డప్పు గట్టిగా పలకాలంటే వారానికి ఒక గొడవ మంచిదే.

అక్క నాకు ఫోన్ చేసి ఏడ్చింది. "మీ బావకు ఏమైందిరా? నిన్న నా చీర చూసి రంగు మంచిగుంది అన్నడు. ఇగ బతకడేమో," అంది. నేను వెంటనే ఒక అబద్ధం తయారు చేశాను. "ఏం లేదే. జనంతోని మర్యాదగ మాట్లాడాలెనని వాళ్ళ ఆఫీసుల ట్రైనింగ్ పెట్టిన్రు. ఇంట్ల ప్రాక్టీసు చేస్తుండు," అన్నాను. అక్క ముక్కు చీది, "ఇన్నేండ్లకు ఆ ఆఫీసు ఒక్క మంచి పని చేసింది," అంది.

ఈ రాత్రికే పప్పులో ఉప్పు పడుతుంది. ఆదివారం పరీక్ష దాకా నానబెట్టడం ఆపకు.

ఇట్లు,
అబద్ధాలు హోల్‌సేల్, నిజాలు రిటైల్,
రాఘవేందర్.

తా.క.: చీర రంగు ఏదో గుర్తుపెట్టుకో. ఆమె అడుగుతుంది.

పంజాగుట్ట,
ఆదివారం.

ప్రియమైన బామ్మర్దికి,

గెలిచాను. హాలు నాదే.

మీ అక్కకు తువ్వాలతో గంతలు కట్టాను. ఒకే పాట, ఒకసారి నల్ల కేబుల్‌తో, ఒకసారి గాజు కేబుల్‌తో, వరుస మార్చి మార్చి వినిపించాను. ఒక్కసారి కూడా తప్పలేదు. "ఇది గాజుది. ఇది నల్లది. మల్ల గాజుదే," అని చెప్పుకుంటూ పోయింది. చివరికి గంతలు తీసి, "ఉండనియ్ తియ్, దివాన్ వద్దు," అని చాయ్ పెట్టడానికి వెళ్ళింది. నాకు కళ్ళు చెమర్చాయి. అట్లాంటి చెవులు, ఇలాంటి డబ్బాలే ఉన్న మా శ్రోతల బృందంలో ఎవరికీ లేవు.

మా బృందం పెద్ద, బేగంపేట ముషర్రఫ్ సాబ్ ఈ పద్ధతి విని ఆశ్చర్యపోయారు. వారు కూడా ఈ రోజు నుంచే తమ బేగం నౌషీన్ భాభీతో మాట్లాడటం మొదలుపెట్టారు. వచ్చే నెల అందరి ముందు దీనిపై నేను ప్రసంగించాలట. ఈ శాస్త్రానికి మూలమేదో సంతకం పెట్టి పంపగలవు.

ఇట్లు,
విజేత
కేదార్.

తా.క.: నేనైతే ఇప్పటికీ ఆ తేడా పట్టలేకపోతున్నాను. ఇది ఎవరికీ చెప్పకు.

అమీర్‌పేట,
గురువారం.

హాలుకు అధిపతి అయిన బావకు దండం.

సంతకం పెట్టలేను. మాటల్లో నానబెట్టడం జర్మనీలో లేదు, మా వైర్ల లైన్లో సుత లేదు. నీకూ అక్కకూ నడుమ ఆ డబ్బాలే తప్ప మాటలు వినబడక, నాకు నోరు దురదపెట్టి రాసింది అది. తిట్లు రాసి పంపు, రశీదు ఇస్తాను.

నీ గెలుపు సంగతి అక్కను ఫోన్‌లో అడిగాను. "నిజంగ ఇనవడ్డదా?"

"తేడా పాటల లేదురా. నల్లది పెట్టేటప్పుడు మీ బావ గుంజి పెడుతుండు. గాజుది పెట్టేటప్పుడు ఊపిరి బిగవట్టుకుంటుండు. గంతలు కట్టింది కండ్లకు, చెవులకు కాదు గద."

"మరి ఎందుకు గెలిపించినవే?"

"డబ్బాలు స్టోర్‌రూముకు పోతే ఆయన సుత ఆడికే పోతడు. పొద్దుగూకితే నాతోని ఎవరు మాట్లాడతరు?"

ముషర్రఫ్ సాబ్‌ను మాత్రం ఆపకు. నౌషీన్ భాభీ నిన్న బల్బు కోసం వచ్చి, "మా సాబ్ నాతోని మస్తు బాతాలు చెప్తున్నరు భాయ్," అని నవ్వుతూ పోయింది. ప్రసంగంలో శాస్త్రానికి మూలం ఎవరని అడిగితే, అమీర్‌పేటలో ఒక పెద్దమనిషి ఉన్నాడని చెప్పు.

ఇట్లు,
రాఘవేందర్.

తా.క.: అక్క నిజంగా అన్నది, పొద్దుగూకితే నాతోని ఎవరు మాట్లాడతరన్న ఆ మాట ఒక్కటే. ఎట్లా గుర్తుపట్టినవే అని అడిగితే, "నా చెవులు, నా ఇష్టం," అని ఫోన్ పెట్టేసింది. ఉత్తరం బోసిగా ఉందని ఊపిరి ముచ్చట నేనే అల్లాను. ఏమో బావా, ఆమెకు పాటలోనే వినబడిందేమో.